ట్రైనింగ్ షీట్ మీద సంతకం పెట్టేముందు రైడ్ నేర్చుకోండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో అమ్యూజ్‌మెంట్ పార్కు ఉద్యోగాల ప్రకటన ఒకటి వచ్చింది. ఇంటర్, ఐటీఐ, డిగ్రీ ఏదైనా చాలు, అనుభవం అక్కర్లేదు, శిక్షణ మేమే ఇస్తాం అని ఉంది. మా చిన్నమ్మ కూతురు అది చూసే వెళ్లింది, సెలెక్టయింది. సోమవారం ఓరియంటేషన్‌కు రమ్మన్నారట. ఆ రాత్రే నాకు ఫోన్ చేసింది. "అక్కా, ఓరియంటేషన్ అంటే పరీక్షా? ఫెయిలైతే ఇంటికి పంపిస్తారా? అన్నీ ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలా?" అని ఒకటే టెన్షన్. ఓరియంటేషన్ అంటే చేరిన మొదటి రోజుల్లో పని నేర్పే శిక్షణే అని చెబుతూ గంటన్నర మాట్లాడాను. ఫోన్ పెట్టేశాక అనిపించింది, ఆ ప్రకటన చూసి వెళ్లినవాళ్లలో ఇలా అడగడానికి ఒక అక్క లేని పిల్లలు ఎంతమంది ఉంటారో అని. అందుకే మీకు రాస్తున్నాను.

నేను హైదరాబాద్ శివారులో ఒక పార్కులో ఏడేళ్లుగా రైడ్ ఆపరేటర్‌ని. పార్కు పేరు రాయను, ఎందుకంటే ఇది ఆ ఒక్క పార్కు సంగతి కాదు. మా చిన్నప్పుడు పార్కు అంటే అందరికీ తెలిసింది 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ. 2016లో రావిర్యాల దగ్గర వండర్‌లా వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ వాటర్ పార్కులు, గో కార్టింగ్ ట్రాకులు, మాల్స్‌లో గేమ్ జోన్లు పెరిగాయి. వీటన్నిటికీ మనుషులు కావాలి. ఆ మనుషులు ఎక్కువగా ఇబ్రహీంపట్నం, చౌటుప్పల్, కల్వకుర్తి, షాద్‌నగర్ వైపు ఊళ్ల నుంచి వచ్చే పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలే. చాలామందికి ఇదే మొదటి ఉద్యోగం.

మొదట కాగితాల సంగతి చెప్తాను. మొదటి రోజు సగం దానికే పోతుంది. ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, నాలుగు ఫొటోలు, చదువు సర్టిఫికెట్ల జిరాక్సులు తీసుకెళ్లాలి. ఒరిజినల్స్ చూపించండి, చూశాక వెనక్కి తీసుకోండి. ఎవరు అడిగినా వాళ్ల దగ్గర వదిలి రావద్దు. యూనిఫాం డిపాజిట్ అని, ట్రైనింగ్ ఫీజు అని డబ్బు కట్టమంటే అక్కడే ఆగి ఇంటికి ఫోన్ చేయండి. పీఎఫ్ నామినేషన్ ఫారంలో అమ్మ పేరో నాన్న పేరో ఇంట్లో అడిగి సరిగ్గా ఆధార్‌లో ఉన్నట్టే రాయండి, అక్షరం తేడా వచ్చినా తర్వాత ఏళ్ల తరబడి తిరగాలి. పీఎఫ్‌కు 12 శాతం కోస్తారు. జీతం 21 వేల లోపు ఉంటే ఈఎస్‌ఐ కింద 0.75 శాతం కోస్తారు. మొదటి నెల జీతం చూసి "ఇంత తక్కువేంది" అని మా బ్యాచ్‌లో ఇద్దరు మానేశారు. అది పోయిన డబ్బు కాదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతుల ప్రకారం ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. అడగడం తప్పు కాదు. అందులో మీ హోదా, జీతం, డ్యూటీ గంటలు ఏమని రాశారో చదివి, ఒక కాపీ ఇంట్లో దాచుకోండి.

తర్వాత హాల్లో కూర్చోబెట్టి క్లాసు చెప్తారు. నిద్ర వచ్చేది ఇక్కడే. కానీ మా బ్యాచ్‌కు చెప్పిన ట్రైనర్ సార్ మొదటి ఐదు నిమిషాల్లోనే అందరినీ లేపారు. అమెరికాలో డిస్నీలాండ్ తెరిచిన రోజు కథ చెప్పారాయన. 1955 జూలై 17. ఎండ మండిపోతోంది. కొత్తగా వేసిన తారు ఆరక ఆడవాళ్ల హైహీల్స్ అందులో దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె వల్ల తాగునీటి పంపులు చాలావరకు పనిచేయలేదు. పిలిచినవాళ్లు కాక, దొంగ టికెట్లతో ఇంకా వేలమంది వచ్చిపడ్డారు. అంత పెద్ద పార్కుకే మొదటి రోజు అలా గడిచింది. అక్కడ ఉద్యోగులకు అప్పట్లో నేర్పిన సూత్రాలు ఒక వరుసలో ఉండేవని చెప్పి, బోర్డు మీద పైనుంచి కిందికి రాశారు: భద్రత, మర్యాద, ప్రదర్శన, వేగం. "వేగం అన్నిటికంటే కింద ఉంది, చూశారా? ఆదివారం మధ్యాహ్నం క్యూ గేటు దాకా వచ్చినప్పుడు మీ చేత దాన్ని పైకి ఎక్కించాలని చూస్తారు. ఎక్కించొద్దు" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ ప్రతి ఆదివారం గుర్తొస్తుంది.

మధ్యాహ్నం పార్కు మొత్తం నడిపిస్తారు. టాయిలెట్లు, ఫస్ట్ ఎయిడ్ గది, మంటలార్పే సిలిండర్లు, అత్యవసర ద్వారాలు, అందరూ చేరాల్సిన అసెంబ్లీ పాయింట్, తప్పిపోయిన పిల్లల్ని కూర్చోబెట్టే చోటు, అన్నీ చూపిస్తారు. చిన్న పుస్తకంలో మ్యాప్ గీసుకోండి. అత్యవసర ద్వారం చూపించినప్పుడు దాన్ని ఒకసారి చేత్తో తోసి చూడండి, అది తెరుచుకుంటుందో లేదో. 2024 మేలో రాజ్‌కోట్ గేమ్ జోన్‌లో మంటలు లేచి పాతిక మందికి పైగా చనిపోయారు, అందులో పిల్లలూ ఉన్నారు. అలాంటి చోట పనిచేసేవాళ్లకు బయటికి వెళ్లే దారి కళ్లు మూసుకున్నా తెలియాలి.

పిల్లలు తప్పిపోవడం ప్రతి ఆదివారం ఉండేదే. ముందు మోకాళ్ల మీద కూర్చొని పిల్ల కళ్లకు సమానంగా వచ్చి మాట్లాడమని నేర్పుతారు. ఎత్తుకోకూడదు, చాక్లెట్ ఇవ్వకూడదు, తోడు ఇంకో స్టాఫ్ లేకుండా ఎక్కడికీ తీసుకుపోకూడదు. "నేనే నాన్నను" అని ఎవరైనా వస్తే పిల్లను వెంటనే అప్పగించకూడదు. పిల్ల ముఖం చూడాలి, పేరు అడగాలి, ఫోన్‌లో ఫొటో చూపించమనాలి. ఒకాయన నా మీద కేకలేశాడు, "నా బిడ్డను నాకివ్వడానికి నీ పర్మిషన్ ఏంది" అని. రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకునే ఇచ్చాను. వాళ్లావిడ వెనక్కి తిరిగొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

భాష గురించి భయపడేవాళ్లకు ఒక మాట. వచ్చే జనంలో తెలుగువాళ్లు, హిందీవాళ్లు, కర్ణాటక, మహారాష్ట్ర నుంచి వచ్చేవాళ్లు అందరూ ఉంటారు. మైకులో చెప్పాల్సిన జాగ్రత్తలు మూడు భాషల్లో రాసిచ్చి బట్టీ పెట్టిస్తారు. మా చెల్లి లాంటి తెలుగు మీడియం పిల్లలు రెండు రోజుల్లో నేర్చుకుంటారు. గొంతు పెద్దదిగా, మాట నిదానంగా ఉంటే చాలు. పరీక్ష కూడా ఉంటుంది, కానీ అది ఇంటికి పంపడానికి పెట్టేది కాదు. తప్పిన ప్రశ్న మళ్లీ నేర్పడానికి పెట్టేది.

ఇక అసలు విషయం, రైడ్ దగ్గర ట్రైనింగ్. ఇది సంపాదకులు కొంచెం ఓపికగా చదవాలి.

బయటి నుంచి చూసేవాళ్లకు మా పని బటన్ నొక్కడం. రోలర్ కోస్టర్ సీట్లో మనిషి కూర్చున్నాక భుజాల మీద నుంచి షోల్డర్ బార్ దించుతాం. టక్ అని శబ్దం వస్తుంది. కొత్తవాళ్లు ఆ శబ్దం వినగానే లాక్ పడిందనుకుంటారు. నాకు నేర్పిన సీనియర్ నా చెయ్యి పట్టుకొని బార్ మీద పెట్టించి, "కిందికి నొక్కు, ఇప్పుడు నీ బలమంతా పెట్టి పైకి లాగు" అంది. లాగితే కదలకూడదు. తర్వాత బెల్టు లాగి చూడాలి. ప్రతి సీటూ, ప్రతి ట్రిప్పూ, ఖాళీ సీటుతో సహా. కళ్లతో చూస్తే సరిపోదు, చెయ్యి తగలాలి. రెండో వైపు ఉన్న అటెండెంట్ కూడా అదే చేసి, ఇద్దరం బొటనవేలు పైకెత్తితేనే ప్యానెల్ దగ్గర ఉన్న ఆపరేటర్ రైడ్ వదులుతాడు. మా రైడ్‌లో ఆపరేటర్ బటన్ ఒక్కటే నొక్కితే కదలదు, ప్లాట్‌ఫాం మీద ఉన్న అటెండెంట్ కూడా తన బటన్ నొక్కి పట్టుకోవాలి. ఎవరికి అనుమానం వచ్చినా చెయ్యి తీసేస్తే చాలు. ఎర్రటి ఎమర్జెన్సీ స్టాప్ ఎక్కడుందో చూడకుండానే చేతికి అందాలి. మొదటి వారం అందరికీ అది నొక్కాలంటే భయం, అనవసరంగా నొక్కితే తిడతారేమోనని. ఓరియంటేషన్‌లో మీతో ఒకసారి నొక్కించమని అడగండి. నొక్కాక ఆ రైడ్ ఎక్కడ ఆగుతుందో, జనాన్ని ఎలా దించాలో కూడా చూపించమనండి.

పొద్దున్నే పార్కు తెరవకముందు మెయింటెనెన్స్ వాళ్లు రైడ్ మొత్తం చూసి చెక్‌లిస్టు మీద సంతకం పెడతారు. తర్వాత ఖాళీగా తిప్పుతారు. ఆ తర్వాతే మనం తిప్పి చూసి మన సంతకం పెడతాం. ఈ వరుస తెలుసుకోవాలి, ఎందుకంటే కొత్తవాళ్లను "ట్రయల్‌కి కూర్చోండి" అని ఎక్కిస్తారు, అందరూ సరదాగా ఎక్కేస్తారు. 2016 మేలో చెన్నై శివార్లలో ఒక పార్కులో ఇలాగే ఉద్యోగులు కూర్చున్న ట్రయల్ రన్‌లో రైడ్ కూలింది. ఒక ఉద్యోగి చనిపోయాడు, పలువురు గాయపడ్డారు. ఖాళీగా తిప్పారా, ఇంజినీర్ సంతకం అయిందా అని అడిగాకే ఎక్కండి. 2019 జూలైలో అహ్మదాబాద్ కాంకరియా చెరువు దగ్గర లోలకంలా ఊగే రైడ్ మధ్యలో విరిగిపోయి ఇద్దరు చనిపోయారు. అది గాల్లో ఉండగా కింద ఆపరేటర్ ఏమీ చేయలేడు. వాడు చేయగలిగేదల్లా పొద్దున్నే కొత్త శబ్దం వినబడితే, ఎప్పుడూ లేని వణుకు కనబడితే తెరవనని చెప్పడం. ఆ శబ్దం తేడా తెలియాలంటే మంచి రైడ్ శబ్దం ముందు చెవికి పట్టాలి. దానికి రోజులు పడుతుంది, గంటలు కాదు.

జుట్టు, చున్నీల గురించి ఆడపిల్లలకు చెప్తే నస అనుకుంటారు. 2020 అక్టోబర్‌లో మన గుర్రంగూడలో గో కార్టింగ్‌కు వెళ్లిన ఇంజినీరింగ్ చదివే అమ్మాయి జుట్టు చక్రంలో చుట్టుకొని, హెల్మెట్ ఉన్నా ప్రాణం పోయింది. ఈ సంగతి నేను ప్రతి కొత్త బ్యాచ్‌కూ చెప్తాను. చెప్పాక, వాళ్లలో ఒకమ్మాయిని పిలిచి జడ ముడి వేసి, ముడి మొత్తం హెల్మెట్ లోపలికి పోయేలా పెట్టి, చున్నీ తీయించి చూపిస్తాను. గెస్ట్ వచ్చినప్పుడు "జుట్టు కట్టుకోండి మేడం" అని దూరం నుంచి చెప్పి ఊరుకోకూడదు, కట్టుకున్నాకే తాళం తిప్పాలి. రబ్బరు బ్యాండ్లు నేను సొంత డబ్బుతో డజన్ల లెక్కన కొని జేబులో పెట్టుకుంటాను.

నీళ్ల వైపు డ్యూటీ వేస్తే పని వేరు. మునిగిపోయేవాడు కేకలేస్తాడని మనమంతా అనుకుంటాం. వేయడు. నోరు నీళ్ల పైకి వచ్చిన క్షణంలో ఊపిరి తీసుకోవడానికే సమయం చాలదు, ఇక అరిచేదెప్పుడు? చేతులు పక్కకు చాపి నీళ్లను కిందికి నొక్కుతుంటాడు, చూసేవాళ్లకు ఆడుకుంటున్నట్టే ఉంటుంది. లైఫ్‌గార్డులకు 10/20 అని నేర్పుతారు: తన భాగంలోని నీళ్లన్నీ 10 సెకన్లలో ఒకసారి చూసెయ్యాలి, ఎవరైనా ఇబ్బందిలో కనబడితే 20 సెకన్లలో చేరుకోవాలి. అంటే ఫోన్ చూసే వీలు, పక్కవాడితో మాట్లాడే వీలు లేదు. ఫోన్ లాకర్లో పెట్టమంటే కోపం తెచ్చుకునే పిల్లలకు ఇది అర్థమయ్యేలా చెప్పాలి.

ఎత్తు కొలిచే కర్ర దగ్గర మాత్రం గుండె గట్టి చేసుకోవాలి. రెండు వేళ్లు తక్కువైన పిల్లవాణ్ణి వెనక్కి పంపితే వాడు ఏడుస్తాడు, వాళ్ల నాన్న మేనేజర్ని పిలవమంటాడు. "వంద కిలోమీటర్ల నుంచి వచ్చాం, ఇంత టికెట్ పెట్టాం" అంటాడు. అది నిజమే, వాళ్ల బాధ నాకు తెలుసు. మా ఇంట్లో అంత టికెట్ పెట్టి మమ్మల్ని ఎవరూ ఎక్కడికీ తీసుకుపోలేదు. కానీ ఆ కర్ర పిల్లవాడి వయసు కోసం పెట్టింది కాదు, బార్ వాడి ఒంటికి ఆనుతుందా లేదా అన్నదాని కోసం పెట్టింది. బార్‌కూ ఒంటికీ మధ్య సందు ఉంటే వాడు జారిపోతాడు. ఇది తండ్రికి చేత్తో చూపించి చెప్తే చాలామంది ఒప్పుకుంటారు.

ఇప్పుడు నా సొంత సంగతి. ఈ పార్కులో చేరకముందు, డిగ్రీ రెండో ఏడు సెలవుల్లో, ఒక ఊరి ఎగ్జిబిషన్‌లో రోజు కూలికి పనిచేశాను. ఎవరిది, ఎక్కడ అన్నది వదిలేద్దాం. సాయంత్రం నాలుగింటికి వెళ్తే ఒక విజిల్ ఇచ్చారు, పిల్లల కప్పుల రైడ్ దగ్గర నిలబెట్టారు. ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నారు. ఇంగ్లిష్‌లో ఉంది. శిక్షణ పొందాను, నియమాలు అర్థమయ్యాయి అని అందులో ఉందని నాకు తర్వాత తెలిసింది. చదవకుండానే పెట్టేశాను, వెనక ఇంకా ఆరుగురు నిలబడి ఉన్నారు. రాత్రి తొమ్మిది తర్వాత రైడ్ ఇంకా ఆగకముందే ఒక నాలుగేళ్ల పిల్ల తలుపు తోసుకొని దిగబోయింది. ఆపాలంటే ఏది నొక్కాలో నాకు తెలియదు. విజిల్ ఊదాను, ఊదుతూనే ఉన్నాను. జనరేటర్ దగ్గర ఉన్న మనిషి పరుగెత్తుకొచ్చి ఆపాడు. పిల్ల మోచెయ్యి, మోకాలు గీరుకుపోయాయి. అంతటితో పోయింది. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు, పిల్లను ఎత్తుకొని వెళ్లిపోయింది. ఓనర్ మాత్రం ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. "ట్రైనింగ్ అయిందని నువ్వే సంతకం పెట్టావు" అన్నాడు.

మంచి పార్కుల్లో కూడా ఇలా ట్రైనింగ్ అయిందని సంతకం పెట్టే షీట్ ఉంటుంది, ఉండాలి కూడా. బార్ చెకింగ్, ఎమర్జెన్సీ స్టాప్, జనాన్ని దించే పద్ధతి, రేడియోలో మాట్లాడటం, గాలివానలో రైడ్ మూసే పద్ధతి, ఒక్కోదానికి ఒక్కో గడి. నేర్పినవాళ్ల సంతకం ఒక పక్క, నేర్చుకున్నవాళ్ల సంతకం ఒక పక్క. కానీ సంక్రాంతి ముందు, వేసవి సెలవుల ముందు మనుషులు చాలరు. నాలుగు రోజుల ఓరియంటేషన్‌ను రెండు రోజులకు కుదిస్తారు. "సంతకాలు పెట్టేయండి, రైడ్ మీదే నేర్చుకుంటారు" అంటారు. రైడ్ మీద నేర్చుకోవాల్సిందే, కానీ పక్కన సీనియర్ నిలబడి ఉండగా. ఒంటరిగా, ఆదివారం జనంతో కాదు.

పార్కుల యాజమాన్యాలను మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. సీజన్‌కు నెల ముందే మనుషుల్ని తీసుకోండి. ఆ షీట్ తెలుగులో అచ్చు వేయండి, దాని కాపీ ఒకటి పిల్లల చేతికివ్వండి. అమ్యూజ్‌మెంట్ రైడ్ల భద్రతకు మన దేశంలో ఐఎస్ 15475 అనే ప్రమాణం ఉంది. అందులో మీ రైడ్‌కు వర్తించేవేమిటో మీ ట్రైనర్లతో తెలుగులో చెప్పించండి. లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు తీసుకునే అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు మొదటి రోజే గోడ మీద చూపించండి. 2013 చట్టం పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ఏ చోటైనా ఆ కమిటీ ఉండాలంటోంది. రాత్రి షిఫ్టు అయ్యాక ఔటర్ పక్కన ఆటో కోసం నిలబడే ఆడపిల్లలకు బండి ఏర్పాటు ఉందో లేదో కూడా ఓరియంటేషన్‌లోనే చెప్పాలి. మా చెల్లి తల్లిదండ్రులు నన్ను మొట్టమొదట అడిగింది జీతం గురించి కాదు, ఇదే.

మీకూ ఒక మనవి. ఇలాంటి ఉద్యోగ ప్రకటన వేసినప్పుడు పక్కనే నాలుగు లైన్లలో, చేరేవాళ్లు ఏం అడగాలో, ఏ కాగితం చదవకుండా సంతకం పెట్టకూడదో వేయండి. ఊళ్లలో ఆ పేజీ కత్తిరించి దాచుకుంటారు.

మా చెల్లికి అన్నీ చెప్పాను. షీట్‌లో నేర్పని గడి ఉంటే ఖాళీగా ఉంచమని, ఎవరైనా తొందరపెడితే "సార్, ఇది నాకు ఇంకా చూపించలేదు" అని మర్యాదగా అనమని రెండుసార్లు అనిపించాను. ఆదివారం సాయంత్రం నా గదికి వస్తోంది, సోమవారం పొద్దున ఇద్దరం ఒకే బస్సెక్కి మధ్యలో విడిపోతాం. నల్ల బూట్లు కావాలన్నారని నిన్న ఎల్బీ నగర్‌లో కొన్నాను. చెల్లి కాలి సైజు ఐదు, కానీ ఆరు తీసుకున్నాను. మొదటి వారం సాయంత్రానికి కాళ్లు వాస్తాయి.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక రైడ్ ఆపరేటర్,
ఇబ్రహీంపట్నం, రంగారెడ్డి జిల్లా